తడి తగలకూడదు

వేట నిషేధం ఎత్తేసి
పడవలు తిరిగొచ్చిన వారంలో
బొటనవేలి పక్కన జెల్ల ముల్లు దిగింది.
నువ్వుగింజంత.
కాసిమేడులో చేపలు కోసే చేతికి
అదీ ఒక గాయమేనా?
చప్పరించి ఉమ్మేసి
తర్వాతి చేప అందుకున్నాను.

వినాయక చవితికి అది కందిగింజంత.
దసరాకి దానికో నోరొచ్చింది.

కత్తిపీటల వరసలో నా చెయ్యొక పంచాయితీ.
పసుపూ వేపాకూ నూరి పెట్టమంది దానమ్మొదిన.
పెట్టాను. చెయ్యి పెళ్ళికూతురిదయింది,
పుండు పుండులాగే ఉంది.
కాఫీ పొడి అద్దు, రక్తం టక్కున ఆగుద్ది
అన్నాడు ఐసు బుట్టల మురుగన్న.
రక్తమెక్కడిదన్నా, కారేది నీరేగా.
మేడమీది సెల్వి తేనె తెచ్చింది,
పిల్లాడి దగ్గుకి దాచుకున్న సీసా,
సగం నాకు వొంపింది.
తెల్లారి చీమలు నాకంటే ముందు లేచాయి.

గోడ పగుల్లో మొలిచే ఆ పసుపు బొడ్డు పువ్వుని
నేను గడ్డిచేమంతి అంటాను,
సెల్వి వెట్టుకాయ పూండు అంటుంది.
పేరు కోసం కాసేపు వాదులాడుకుని
ఇద్దరం కలిసే కోశాం.
అరచేత నలిపి పసరు పిండితే చురుక్కుమంది.
చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే
మా అమ్మ పిండిన చురుకే అది.
ఒక్క క్షణం, కాళ్ళ కింద భీమిలి ఇసక.
రెండోరోజుకి పసరు ఆరింది.
పుండు ఆరలేదు.

ఎవరు ఏం చెప్పినా చివర్న ఒకటే మాట:
తడి తగలకూడదు ముత్యాలక్కా.
సరే.
ఐసు తడి కాదా, ఉప్పునీళ్ళు తడి కాదా,
పొలుసు గీకితే చిమ్మేదీ
పేగు లాగితే కారేదీ,
కొన్నవాళ్ళకి నేనిచ్చే చిల్లర నోటు కూడా తడే.
ఆఖరికి నా చద్దన్నం నానేది నీళ్ళలోనే.
రబ్బరు తొడుగేసుకోమన్నారు, వేసుకున్నాను.
చేపేదో తొడుగేదో కత్తికి తెలియలేదు.

వలలు కుట్టే ముసలి అంతోణి
పంచదార చెప్పాడు:
మీద చల్లి గుడ్డ కట్టు, కుళ్ళంతా లాగేస్తుంది,
మా నాన్న కాలు అలాగే మానింది.
రేషను పంచదార.
మూడు పూటలు మా బుల్లోడి టీలో తగ్గించి
పుండుకి తాగించాను.

ఆసుపత్రిలో నర్సు గుడ్డ విప్పి
ఏంటమ్మా ఇది అంది.
పంచదార అన్నాను.
నవ్వలేదు. ఇంకో వేలు పొడిచి
చిన్న మిషన్లో చుక్క పెట్టింది.
మూడువందల నలభై.
లోపలే ఇంతుంటే మీదెందుకు చల్లావు?
ఆమె అరవంలోనే అడిగింది,
నాకు తెలుగులో తగిలింది.

ఎన్నాళ్ళనించి ఇంత తీపిగా ఉన్నానో!
దాహమేస్తే ఎండ అనుకున్నాను.
రాత్రి నాలుగుసార్లు లేస్తే వయసనుకున్నాను.
కాళ్ళు తిమ్మిరెక్కితే
పీట ఎత్తు తక్కువ చేశావని
వడ్రంగితో దెబ్బలాడాను.
పాపం, అతను రెండుసార్లు కోళ్ళు మార్చాడు.

మాత్రలు. కట్టు. రోజు మార్చి రోజు క్యూ.
నా పీట ముందు సెల్వి కూర్చుంది,
వంజరాన్ని వంకరగా కోసి తిట్లు తిని
సాయంత్రం డబ్బు తెచ్చి
నా మంచమ్మీద ఆరబెట్టింది.

గోడకి సున్నం కొట్టే కుర్రాడొస్తే
ఆ పగులొక్కటీ వదిలెయ్యమన్నాను.
ఆ మొక్క పనిచేసిందా అక్కా అన్నాడు.
ఏమో నాయనా.
చురుక్కుమంది.

ఇరవయ్యో రోజు అంచులు కలిశాయి,
ఉడికిన రొయ్య రంగులో కొత్త చర్మం.
ఆ పొద్దున గుమ్మంలో చెయ్యి చాపితే,
రోజూ నాకోసం కాచుకునే పిల్లి
వాసన చూసింది, మళ్ళీ చూసింది,
ఎవరో అనుకుని
వెళ్ళిపోయింది.