బ్రోకెన్ హిల్‌లో దీపం కొండెక్కినప్పుడు

ఈ ఊళ్ళో వెండి కోసం, సీసం కోసం
కొండని తవ్వి తవ్వి
పేరు మాత్రం మిగుల్చుకున్నారు.

గురువారం సాయంత్రం, యూనియన్ హాలు.
డోరీన్ ట్రెగెన్జా తన నలభై ఏళ్ళ నర్సు ఉద్యోగాన్ని
నూట పన్నెండు ఫొటోలుగా తెచ్చుకుంది.
ముప్పై ఆరో ఫొటోలో
టోపీ సర్దుకుంటూ ఉండగానే
గోడ నల్లబడింది.

"రెండు తగిలించు" అన్నాడు వెనక వరసాయన.
"ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టు" ఇంకెవరో.
పీకొద్దు పీకొద్దు అని అరిచాను.
లోపల ఫ్యాను ఇంకా తిరుగుతోంది,
కాలిన ఒంటికి ఎవరో విసురుతున్నట్టు.
ఆ చేతిని మధ్యలో లాగేయకూడదు.

మాన్యువల్లో ఈ దీపాల భాషకి ఒక్కటే పేజీ.
సరిగ్గా నారింజ రంగు వరస మీదే
ఎవరిదో టీ కప్పు మచ్చ.

టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని కుర్చీ ఎక్కాను.
పవర్ దగ్గర ఎరుపు, కదలదు మెదలదు.
టెంప్ దగ్గర నారింజ, ఒకటే రెప్పలాడిస్తోంది.
ల్యాంప్ దగ్గర ఏమీ లేదు.
"నాడి ఎలా ఉంది?" కింద నుంచి డోరీన్.
జ్వరమే. బల్బు బతికే ఉంది.

పక్కన ఫిల్టరు మూత తీస్తే
పోయిన వారం దుమ్ము తుఫాను మొత్తం అందులోనే ఉంది,
జల్లించిన కారప్పొడిలా, ఎర్రగా, మెత్తగా.
బయట మెట్ల మీద పాత టూత్‌బ్రష్‌తో దులిపాను.
పదకొండు తుమ్ములు.
డోరీన్ వచ్చి పక్కన నిలబడింది.
"గని వాళ్ళ వార్డులో నేను చేసిందీ ఇదే పని" అంది.
కాసేపాగి,
"అక్కడ మూత ఊడి వచ్చేది కాదు."

ఇరవై నిమిషాలు చల్లారాలి.
చీకట్లో ఊరికే కూర్చోలేక
మా భాషలో దీపం ఆరిందని అనం,
కొండెక్కిందంటాం అని చెప్పాను.
"ఏ కొండ?" అన్నాడు వెనక వరసాయన.
"ఉన్న ఒక్కదాన్నీ మేమే తినేశాం గదా!"
హాలంతా నవ్వింది,
ఆ తర్వాత చాలాసేపు
దగ్గింది.

నారింజ చుక్క ఎప్పుడు ఆగిందో నేను చూడలేదు.
బటన్ నొక్కితే ఆకుపచ్చ, మొదట తడబడుతూ,
తర్వాత నిలకడగా.
ముప్పై ఏడో ఫొటో:
ఎనిమిది మంచాలు, ఎనిమిది జతల చెప్పులు.
డోరీన్ కిటికీ వైపు నుంచి
ఒక్కొక్క పేరే చెప్పడం మొదలుపెట్టింది.
వెనక వరసాయన
నాలుగో పేరు దగ్గర టోపీ తీశాడు.

నేను కుర్చీ దిగలేదు.
నూట పన్నెండో ఫొటో దాకా
అరచెయ్యి దాని మూత మీదే ఉంచాను,
మళ్ళీ ఒళ్ళు కాలుతుందేమోనని.