రెండు పసుపు చుక్కలు

కరీంనగర్ టవర్ కాడ ఆటసామాన్ల దుకాణంల
"స్క్వాష్ బ్యాటున్నదా" అనడిగితే
పిలగాడు ఎదురుంగ కిరాణం దిక్కు చెయ్యి చూపిండు.
"నారింజదా నిమ్మదా అక్కా? ఎండలు పోయినంక దొరకది."

సేటు నవ్వుకుంట స్టూలెక్కి
క్యారంబోర్డుల ఎన్కకెళ్లి మూడు దించిండు.
దుమ్ము దులిపితే ఒకదాని ధర చీటీ ఊడిపడ్డది.
"గిది నూట ముప్పై గ్రాములు, ఈక లెక్క.
గిది నూట డెబ్బై. గిది పిల్లలది."
ఎవరికి అనడిగిండు.
నాకే అన్న.
నా చీర దిక్కు మల్లొక్కసారి చూసిండు.

బరువు ముచ్చట నాకు చెప్పకు సేటూ.
పదకొండేండ్ల సంది ల్యాంప్ రూంల చేస్తున్న.
షిఫ్టుకు మూడు వందల దీపాలు
ఈ చేతుల మీదికెళ్లే బాయిలకు దిగుతయి.
ఏ దీపం తీగ వదులైందో
పట్టుకుంటెనే నాకెరుక.

కండ్లు మూసుకొని మూడూ పట్టి చూసిన.
ఈక లెక్కది చేతిల ఉన్నట్టే లేదు.
లేనట్టుండేదాన్ని ఎట్ల నమ్మాలె?
నూట డెబ్బైది తలకాయ దిక్కు జర వంగింది
మాట ఇనే మనిషి లెక్క.

కొనలె. ధర అసొంటిది.
పైంగ నేర్పేటోడు ముందు దొరకాలె గద.

గోదావరిఖనిల ఎవరున్నరు నేర్పేటోళ్లు?
జిమ్ముల అడిగితే జుంబా అన్నరు.
క్రికెట్ సారు, "నలభై దాటినంక మోకాళ్లు పైలం అమ్మా" అని
పైస తీస్కోకుంట చెప్పిండు.
నడిస్తె సరిపోదా అన్నది మా ఆడబిడ్డ.

ఏం చెప్పాలె ఆమెకు?
ఒకనాడు రాత్రి షిఫ్టు దిగి, పాల ప్యాకెట్ పట్టుకొని
క్లబ్బు ఎన్క సందులకెళ్లి వస్తుంటే
గోడ లోపట సప్పుడు.
ఎవరో ఒక్కటే బట్టను ఒక్కటే బండ మీద
అలుపు లేకుంట ఉతుకుతున్నట్టు.
నిలవడ్డ.
పొద్దు నెత్తికెక్కింది. గా దినం పాలు ఇరిగినయి.

ఆ సప్పుడు దుర్గం పోశందని ఆర్నెల్లకు తెలిసింది.
ఆఫీసర్ల క్లబ్బుల మార్కరు.
ముప్పై ఏండ్లు సార్లకు బంతులందించుకుంట
సార్లు రాని పొద్దుల గోడతోని ఆడి నేర్చిండు.
ఇప్పుడు సగం కోర్టు నిండ ఇరిగిన కుర్చీలే.
మిగిలిన సగంల ఆయన.

"నెలకెంత పోశమన్నా?"
"నా బ్యాటు పిడి అరిగింది, కొత్త పట్టీ తెచ్చియ్యి. తర్వాత సూద్దాం."

జేబులకెళ్లి బంతి తీసి అరచేతిల పెట్టిండు.
బొగ్గుపెళ్ల లెక్క నల్లగ, రెండు పసుపు చుక్కలు.
కిందేస్తె లేవలె. ఏసిన కాడ్నే పడ్డది.
"సల్లగున్నది, గంతే. కొడ్తుంటే కాగుతది, కాగితే లేస్తది.
ముందుగాలనే ఎగిరేటియి పిల్లలయి. నీకద్దు."

మొదటి నెల ఆయన పాత బ్యాటే,
తెగిన తీగకు ముడేసినది.
"కొట్టినంక ఆడ్నే సూస్కుంట నిలవడకు. నడిమికి రా.
ఎదురుంగ ఎవడుండడు.
నీతోని ఆడేటోడు గూడ నీ పక్కపొంటి నిలవడి
గదే గోడ దిక్కు సూడాలె."
బాయిల లెక్కనా అన్న.
ఏమనలె. బంతి తెమ్మని సైగ చేసిండు.

తలుపు మీద 'సభ్యులకు మాత్రమే' అని బోర్డు.
రిజిస్టర్ల నా పేరు ఓదెమ్మ అని రాసి
'ఎవరి అతిథి' అన్న గడి కాడ పెన్ను ఆపిండు.
జరసేపటికి
'గోడ' అని రాసిండు.
ఇప్పటిదాంక ఎవలూ సదివినట్టు లేదు.

లాభాల వాటా పడ్డంక మల్ల కరీంనగర్ పోయిన.
నూట డెబ్బైది గట్లనే ఉన్నది, చీటీ లేకుంట.
సేటు ఒక ధర చెప్పిండు, నేనొకటి చెప్పిన,
టీ తాగినం, ఇంకోటి కుదిరింది.
"నారింజదా నిమ్మదా" అన్నడు పిలగాడు. ఈసారి కావాల్నని.

బస్సుల బ్యాటు ఒళ్లె పెట్టుకున్న.
పెద్దపల్లి దాటినంక సంచిలకెళ్లి బంతి తీసి
రెండు అరచేతుల నడుమ రుద్దుకుంట కూసున్న,
కండక్టరు దిగుమనేదాంక.