ఏడో సీసా

ఉప్పుటేరుని ఇక్కడ ఖోర్ అంటారు.
ఉమ్ అల్ కువైన్‌లో ఇంకా తెల్లారని నీళ్ళ మీద
దాద్ కరీం ఇంజన్ ఆపేస్తాడు.
బురదలోంచి మడచెట్ల ఊపిరివేళ్ళు
మేమేం చేస్తామో చూద్దామన్నట్టు లేచి ఉంటాయి.

గ్లౌజులు వేసుకో, అంటుంది మౌజా.
వేసుకుంటాను. విప్పి, మళ్ళీ కొత్తవి వేసుకుంటాను,
ఇందాక ముక్కు గోక్కున్నాను మరి.
వలలు లాగిన చేతులివి.
ముప్పై ఏళ్ళలో ఏ చేపా
నన్నింత శుభ్రంగా ఉండమనలేదు.

సీసాని బోర్లించి ముంచాలి,
లోపల తిప్పాలి,
గుటకలేస్తూ నిండుతుంది.
లీటరు నీళ్ళు.
పొలుసు లేదు, నీచు వాసన లేదు.
"ఏం పట్టావు బావా?" అని బావమరిది ఫోన్లో అడిగితే
నీళ్ళు పట్టానన్నాను.
"కుళాయి కాడా?" అన్నాడు.

మౌజా చెప్పింది, నాకర్థమైనంత:
ఈదిపోయేదేదైనా కొంచెం రాలుతుంది.
చర్మం, జిగురు, పెంట.
రాలిందాన్లో దాని పేరుంటుంది.
ఆ పేరుని ఎండ తినేస్తుంది,
ఆగస్టులో నీళ్ళు టీకి పెట్టినట్టు కాగుతుంటే
ఒకటి రెండు రోజులు.
అందుకే మంచుపెట్టె. అందుకే ఈ పరుగు.

ల్యాబ్‌లో ఆ లీటరూ
అరచేతిలో పట్టేంత తెల్లకాగితం గుండా దిగుతుంది.
చివరికి కాగితం మీద మరక,
గంజి వార్చిన గుడ్డ మీద మిగిలినట్టు.
పట్టకారుతో మడిచి గొట్టంలో పెడుతుంది మౌజా,
ఊపిరి బిగబట్టి. దూరంగా నిలబడి
నేనూ బిగబడతాను.

మొదటి నెల జాబితాలో
సముద్రంలో మేక ఉందని వచ్చింది.
కోడి ఉంది. మనిషైతే అన్నిటికంటే ఎక్కువ.
దాద్ కరీం పడవ ఊగేలా నవ్వాడు.
ఊరి మురుగు, అంది మౌజా,
నిన్న ఎవరింట్లోనో బిర్యానీ
ఇవాళ మన కాగితం మీద.
ఉత్త సీసా ఒకటుంటుంది, ల్యాబ్ నీళ్ళది,
దాన్లో ఏమీ రాకూడదు.
దాన్లోనూ మనిషే.
నేనే అయ్యుంటాను.

విమానం దిగిన రోజు
పది వేళ్ళూ అద్దం మీద నొక్కించి
కళ్ళు ఫోటో తీసుకుని లోపలికి పంపారు.
సముద్రం నిలబెట్టి అడగదు.
రాసుకుంటుంది,
రెండు రోజులకి కొట్టేస్తుంది.

ఏడో సీసాలో రంపపు చేప వచ్చింది.
మౌజా మళ్ళీ చేయించింది. మళ్ళీ అదే.
పాతికేళ్ళుగా ఈ ఖోర్‌లో ఎవరికీ కనబడనిది.
బతికుందా? ఒకటేనా? పిల్లలున్నాయా?
నీళ్ళు ఆ ఊసెత్తవు.
ఇటు వచ్చింది, అంటాయి.

మౌజాకి నేను చెప్పనిదొకటుంది.
భావనపాడు ఒడ్డున, నాకు తొమ్మిదేళ్ళప్పుడు,
మా తాత వలలో ఒకటి చిక్కింది.
నా అంత పొడుగు రంపం.
వల దాన్ని వదల్లేదు, అది వలని వదల్లేదు.
"వలన్నా కొయ్యాల, దాన్నన్నా కొయ్యాల" అన్నాడు తాత.
వల అప్పు చేసి కొన్నది.
పళ్ళు లెక్కపెట్టింది నేనే,
ఒక్కో వైపు ఇరవై ఏడు.
రంపాన్ని ఐసు కంపెనీ షావుకారు
కుర్చీ వెనక గోడకి కొట్టించుకున్నాడు.

ఖోర్ నోటి దగ్గర వలలు వెయ్యొద్దని
నెల తిరక్కుండా నోటీసు వచ్చింది.
అక్కడ వేసేది దాద్ కరీం తమ్ముడే.
మూడు రోజులు మాట్లాడలేదు కరీం,
చుక్కాని పట్టుకుని నా వీపుని చూస్తూ కూర్చున్నాడు.
నాకు తెలుస్తూనే ఉంది.

నాలుగో తెల్లారుజామున
ఎవరూ చెప్పకముందే ఇంజన్ ఆపాడు.
ఏడో సీసా ముంచిన చోటే.
చాలాసేపటికి అడిగాడు,
"నీ ఉత్త సీసా ఇప్పుడైనా
ఉత్తగా వస్తోందా?"
లేదు, ఇంకా నేనే వస్తున్నాను, అన్నాను.
హుఁ, అన్నాడు.
గ్లౌజులు మార్చుకున్నాను.