మూడో నంబరు మెషిన్

లనెల్లీలో వాన ఆగదు కాబట్టి
గ్లెనిస్ లాండ్రీ ఎప్పుడూ ఖాళీగా ఉండదు.
మూడో నంబరు మెషిన్‌కి మాత్రం
పిండే వేళకి పూనకం వస్తుంది.
ఫిబ్రవరిలో వచ్చిన కవరొకటి, దళసరిది,
విప్పకుండానే రెండు మడతలు పెట్టి
దాని కాలికింద దోపింది.
శాంతించింది.

జూన్‌లో కరెంటు రేటు రెట్టింపు.
ఫోనులో కుర్రాడు మర్యాదస్తుడే.
"మీరు వద్దనలేదు కదండీ,
గడువు దాటింది. ఇంకో రెండేళ్ళు."
"నేను ఔననీ అనలేదుగా నాయనా."
"అదేనండీ."

మౌనం అర్ధాంగీకారమంటారు.
మిగతా సగం
నాలుగో పేజీ అడుగున
చీమతలకాయంత అక్షరాల్లో
వాళ్ళే రాసుకున్నారు.

కొట్టు మూసేసినా కట్టాలట,
ఆరిన దీపానికి రోజుకింత.
ఇంకో కంపెనీ సగానికే ఇస్తానంటోంది.
వెళ్ళడానికి తలుపుంది,
రెండేళ్ళకోసారి, ఒక్క నెల తెరుచుకుంటుంది,
ఆ నెల ఏదో ఆ కవర్లోనే ఉంది.

సాయంత్రం మోకాళ్ళమీద కూచుని
కాయితం బయటికి లాగింది.
సబ్బునీళ్ళకి అన్నీ అలుక్కుపోయాయి,
కంపెనీ పేరు తప్ప.

మెషిన్ మళ్ళీ నేల అదిరేట్టు ఎగురుతోంది.
బట్టలకోసం కూచున్నాయన చెక్కముక్క వెతికి తెచ్చాడు.
వద్దంది గ్లెనిస్.
అరవనీ.