ఆరు మీటర్లు

దార్త బడి నుంచి ఒక పట్టిక తెచ్చింది.
మధ్యలో నిలువు గీత. ఎడమన లాత్వియా, కుడిన ఎస్తోనియా.
"తాతా, నువ్వు గీత దగ్గరే కదా పనిచేశావు,
నువ్వే చెప్పు."

పనిచేశాను. వాల్కా వీధి చివర, గేటు పక్క గదిలో
పదిహేనేళ్ళు ముద్రలు కొట్టాను.
అటువైపు రొట్టె కొనబోయే పొరుగావిడకి కొట్టాను.
పెళ్ళికి ముందు మైముకీ కొట్టాను,
తేదీ సరిగా పడలేదని రెండోసారి,
మెల్లగా.

నైసర్గిక స్వరూపం.
వాళ్ళ పెద్ద కొండ మూడువందల పద్దెనిమిది మీటర్లు,
మనది మూడువందల పన్నెండు.
"ఆరు మీటర్లేనా!"
ఆ ఆరు మీటర్ల మీదే మీ నానమ్మ కాపురం చేసింది.
నేను వాదన గెలిచినప్పుడల్లా
కిటికీలోంచి ఉత్తరానికి చూసి
"మా కొండ" అనేది. అంతే.
వాళ్ళకి రెండువేల పైచిలుకు దీవులు.
మనకి ఇసుక. ఎంత నడిచినా ఇసుక.

జనాభా.
మనం పద్దెనిమిది లక్షల చిల్లర, వాళ్ళు పదమూడు.
ఆ చిల్లరలో ఎవరెవరున్నారో
గడిలో పట్టదు, వదిలెయ్.

ఆర్థికం.
జీతం అటు ఎక్కువ, బీరు ఇటు చవక.
అవతలి గదిలో ముద్రలు కొట్టిన కల్యు
శనివారం శనివారం సైకిలుకి సంచీ తగిలించుకొచ్చి
సీసాలు గలగలలాడించుకుంటూ పోతాడు.
మా ఇద్దరి ఉద్యోగాలూ ఒకే రాత్రి పోయాయి, డిసెంబరులో.
గేటు ఎత్తేశారు. జనం చలిలో చప్పట్లు కొట్టారు.
మేమూ కొట్టాం,
చేతులు ఖాళీగా ఉన్నాయి కదా.

భాషకి గడి లేదు పట్టికలో.
రొట్టె ఇటు మైజె, అటు లేయిబ్.
ఒకటి తెలిస్తే రెండోది ఊహకందదు.
మైము మాత్రం రెండూ కలిపి తిట్టేది,
పంటికింద రాయి తగిలితే.

ప్రభుత్వం.
రెండు చోట్లా పార్లమెంటే.
మనకి వంద కుర్చీలు, వాళ్ళకి నూటొకటి.
"ఆ ఒక్కటీ ఎందుకు?"
ఓట్లు సరిసమానమైతే తేల్చడానికేమో అన్నాను.
నిజానికి నాకు తెలీదు.

దార్త పెన్సిలు కొరుకుతూ
వంటింటి బల్ల చుట్టూ చూసింది.
తనదొకటి. నాదొకటి.
కిటికీ పక్కన, ఉత్తరానికి తిరిగి, ఒకటి.

ఏమీ అడగలేదు.
కుడి గడిలో నూటొకటి రాసి
గీత మీద పడ్డ మరకని
వేలితో ఇంకాస్త పులిమింది.