భుజం లోతు

రాగ్న్‌ఫ్రిడ్ బోర్లా పడుకుని
బొరియలోకి చెయ్యి పోనిస్తుంది, భుజం దాకా.
చెంప తడిగడ్డికి ఆనించి, కళ్లు మూసుకుని
మంత్రసానిలా చీకట్లో తడుముతుంది.

"నూట నాలుగు. ఖాళీ."
నేను సున్నా చుడతాను.
"నూట అయిదు. గుడ్డు. చల్లగా."
చల్లగా అని కూడా రాయనా?
పలకదు.

కింద, హెర్రింగ్ చేపపిల్లలు రాని సముద్రం
ఏమీ ఎరగనట్టు నురగలు కక్కుతోంది.
ఈ నార్వే దీవి వాలులోనే
వాళ్ల తాత కుక్కని దింపి పఫిన్లు పట్టించి
పీపాల్లో ఉప్పేసి దాచేవాడట.
లెక్క రాసుకోలేదు. అవసరం పడలేదు.

నూట పదకొండులో
"అబ్బా!" అని చెయ్యి లాక్కుంది.
వేలి మీద ముక్కు గాటు, నెత్తురు.
పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ
ఆ వేలు నా కళ్లముందు ఆడించింది.

పట్టికలో గాటుకి గడి లేదు.
అంచున రాశాను.
చినుకు పడి అలుక్కుపోయింది.
మళ్లీ రాశాను.