సెంట్రింగు లేకుండా

ఎనిమిదీ పదిహేనుకి స్లాటు.
అబ్బులుగారబ్బాయి ఫోనులో నొక్కి చూపించాడు:
ఫ్లోరెన్సు, పెద్దగుడి, గోపురం ఎక్కడానికి టిక్కెట్టు,
ఆలస్యమైతే డబ్బులు వెనక్కి రావు.
నాలుగువందల అరవైమూడు మెట్లు.
లిఫ్టు లేదని ఎర్రక్షరాల్లో రాశారంట.

మా లంకలో ఎక్కడానికేముంది?
ఏటిగట్టు, కొబ్బరిచెట్టు, మంచినీళ్ల ట్యాంకు.
ట్యాంకుకి యాభై ఎనిమిది.
వాచరు కాళ్లట్టుకుని
రోజూ చీకటితోనే ఎనిమిదిసార్లు ఎక్కి దిగుతున్నాను.
"ఓ మెట్టు ఎక్కువే ఎక్కావు" అంటుంది మార్తమ్మ
కింద నా చెప్పులకి కాపలా కూచుని.

ఎందుకీ ఆయాసమంటే,
ఫాదరుగారొకరు క్యాలెండరు బొమ్మ చూపించి
"ఇది సెంట్రింగు లేకుండా కట్టారయ్యా, ఆశీర్వాదం" అన్నారు.
ఆరొందలేళ్ల కిందట.
కింద సరుగుడు కర్రల్లేవు, పలకల్లేవు,
గాల్లోకి వంగిన ఇటుక గాల్లోనే ఆగిందంట.
చేపముల్లులా ఏటవాలుగా పేర్చారంట.
ఆ రాత్రి కంచంలో ముల్లు తిరగేసి తిరగేసి చూస్తుంటే
అన్నం చల్లారిపోయిందని మార్తమ్మ కసిరింది.

నేను నమ్మలేదు. ఎలా నమ్మను?
తొంభై ఆరు తుఫాను ఎత్తుకుపోయిన గుడికి
మళ్లీ గోపురం పోసినవాణ్ణి.
ఆరొందల కర్రలు, ఇరవయ్యొక్క రోజుల తడుపు.
కర్రలూడదీసిన రాత్రి
కింద నేనొక్కణ్ణే చాప వేసుకుని పడుకున్నాను,
కూలితే నా మీదే కూలాలని.

కూలలేదు.
కారుతుంది.
ఏటా ఆషాఢంలో, సరిగ్గా బలిపీఠం మీదికి
ఒక్కటే చుక్క.
ఆరుగురు ఫాదర్లు మారారు. చుక్క మారలేదు.

ఆ గోపురానికీ బీటలున్నాయంట.
రెండు పొరల సందులోంచి మెట్లంట,
పెంకుకీ పీచుకీ మధ్య చీమ పాకినట్టు ఎక్కాలంట.
ఎక్కి, ఆ ఇటుకని ముట్టుకుని
పేరు తెలీని మేస్త్రి ఎవరో, వాణ్ణొక్కటడగాలి:
నీకు ఎక్కడ కారిందిరా?

చీటీ పాడి తొమ్మిదివేలు పోగొట్టుకున్నాను.
ఆధారులో ఆశీర్వాదం, బడి కాగితంలో ఆశీర్వదం.
ఆ ఒక్క దీర్ఘం కోసం
భీమవరం మూడుసార్లు తిరిగాను.
తీరా విశాఖపట్నంలో
గాజుపలక మీద పదివేళ్లూ ఆనించమన్నారు.
ఆనించాను.
ఎవరూ లేరంది మిషను.

నలభయ్యేళ్ల సిమెంటు
గీతల్ని నున్నగా పూత పెట్టేసింది.
"నెల్రోజులు పని మానుకుని రండి తాతగారూ" అంది
ఆ కుర్చీలో పిల్ల, జాలిగానే.

మానేశాను.
రాత్రుళ్లు మార్తమ్మ ఒక్కో వేలికీ వెన్న రాసి
పాత బనీను గుడ్డ చుట్టేది.
పగలు అరుగు మీద చేతులు తెరుచుకుని కూచుంటే
దారిన పోయేవాళ్లు జాతకం చూసుకుంటున్నాననుకునేవాళ్లు.
మూడోవారానికి
లాకులెత్తాక ఎండిన బోదెల్లోకి నీరు పాకినట్టు
బొటనవేలి మీద ఒక గీత,
దాని పక్కన ఇంకోటి.
అరవైరెండేళ్లకి నా వేళ్లు నేను చూసుకున్నాను.

గురువారం మళ్లీ రమ్మన్నారు.
మంగళవారం పట్టిన ముసురు వదల్లేదు.
బుధవారం మధ్యాహ్నం గుడి గంట కొట్టే సామ్యేలు
గొడుగు లేకుండా పరిగెత్తుకొచ్చాడు:
చుక్క కాదిప్పుడు, ధార.

పాల కవర్లు రెండు చేతులకీ తొడిగి
మణికట్ల దగ్గర పురికొస కట్టింది మార్తమ్మ.
నిచ్చెనెక్కాను. పైన పట్టా కప్పారు.
బీట దొరికింది గానీ
కవరు మీంచి మాలు పదునెలా తెలుస్తుంది?
తడో, పొడో, ఇసకెక్కువైందో,
వేలికి తగలందే
మేస్త్రికేం తెలుస్తుంది?

కిందనుంచి చూస్తోంది, ఏమీ అనలేదు.

కుడిచేతి పురికొస పళ్లతో తెంపాను.
ఎడమచేతిది అలాగే ఉంచాను.
అయిదు వేళ్లున్నాయి ఇంకా,
రేపు పొద్దున్న అయిదున్నరకి బస్సు.